కడిగిన నాణేలు

కౌంటరమ్మకు ఒక పేరుంది గాని, దాన్ని జీతం పుస్తకంలో తప్ప ఎవరూ వాడలేదు. బస్టాండు వెనకవైపు, డబ్బులిచ్చి లోపలికి వెళ్లే మరుగుదొడ్ల ముందు ఇరవై ఆరేళ్లు కూర్చుంది కాబట్టి ఆమె కౌంటరమ్మ. ముందు ఒక రేకు బల్ల, బల్ల మీద స్టీలు పళ్లెం, పక్కన కాంట్రాక్టరు తాళం వేసుకున్న చిల్లర పెట్టె, కాళ్ల దగ్గర చీపురు, యాసిడ్ సీసా. జనం వచ్చి పళ్లెంలో నాణెం వేస్తారు. చేతికి మాత్రం ఇవ్వరు. జానెడు ఎత్తు నుంచి, వేళ్లు తగలకుండా, టంగుమనేలా పడేస్తారు. లోపల తాము చేసొచ్చిన నిర్వాకం తమది కానట్టు, అదంతా ఆమెదే అయినట్టు, బయటికొస్తూ ముక్కు మూసుకుంటారు. మనుషుల మీద ఆమెకు ఒక అభిప్రాయం ఏర్పడింది అక్కడే. దాన్ని మార్చుకోవలసిన అవసరం ఆ తర్వాత పెద్దగా రాలేదు.

ఆ పళ్లెంలో నానా రకాల నాణేలు పడేవి. చెల్లనిదాన్ని వదిలించుకోవడానికి మరుగుదొడ్డిని మించిన చోటు లేదని లోకంలో సగం మందికి ఒకేసారి తోచినట్టుంది. తాతల నాటి రాగి బిళ్లలు, మధ్యలో చిల్లున్నవి, ఏ దేశానివో పలకలు పలకలుగా ఉన్నవి, అచ్చు పక్కకు జరిగి రాజుగారి ముక్కు సగం ఎగిరిపోయినవి. కడుపు పట్టుకుని పరుగెత్తేవాణ్ని ఆపి, ఇది చెల్లదు బాబూ అని బేరం పెట్టడం మనిషి చేసే పని కాదు. అందుకని ఆమె కొంగుముడి విప్పి, చెల్లే నాణెం ఒకటి తీసి పెట్టెలో వేసి, చెల్లనిదాన్ని తన కొంగున కట్టుకునేది. కాంట్రాక్టరుకు ఏనాడూ చిల్లిగవ్వ తగ్గించలేదు. ఆ సంగతి కాంట్రాక్టరుకు తెలియదు. తెలిస్తే, ఎందుకు వేస్తున్నావు, ఏం నొక్కేస్తున్నావు అని అనుమానించే రకం.

మొదట్లో అది దండగ అనుకుంది. రెండో ఏడు వచ్చేసరికి ఇష్టమైంది. కొత్త బొమ్మ ఉన్న నాణెం పడితే ఆ రోజంతా హుషారుగా ఉండేది. ఖాళీ పాలపొడి డబ్బాల్లో పాత గుడ్డ పరిచి, రాగివి ఒక దాంట్లో, తెల్లవి ఒక దాంట్లో, చిల్లువి ఒక దాంట్లో దాచింది. మొత్తం నాలుగు వందల పన్నెండు.

ఇల్లంటే రెండు గదులు. ముందు గదిలో కుట్టు మిషను, దాని వెనక ఆడబిడ్డ. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, చేసుకున్నవాళ్లను చూశాక అంటుంది. భర్త పోయాక కౌంటరమ్మా ఆడబిడ్డా ఇద్దరే మిగిలారు. రోజుకొకసారి పోట్లాడుకోకపోతే ఇద్దరికీ ఒంట్లో బాగాలేదని అర్థం. పనిలో చేరిన మొదటి ఏడాది, కొంగులో నాణేలు విప్పుతుంటే ఆడబిడ్డ మొహం చిట్లించి, ఆ దొడ్డి డబ్బులు ఇంట్లోకి తేవొద్దంది. ఆ మాట కౌంటరమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఆ మర్నాటి నుంచి నాణేలను కడగడం మొదలుపెట్టింది. ఉత్త నీళ్లతో కాదు. దొడ్ల గచ్చు రుద్దే యాసిడే, చెంబెడు నీళ్లలో మూతెడు పోసి, అందులో వేసి, పొగ తగ్గాక తీసి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, సబ్బు పెట్టి, ఎండబెట్టేది. మరుగుదొడ్డి గచ్చును ఎలా తెల్లగా చెయ్యాలో తెలిసిన మనిషికి నాణెం ఒక లెక్కా? నల్లటి బిళ్ల కాస్తా తళతళలాడుతూ బయటికొచ్చేది. ఇప్పుడు దీన్ని ఎవరు అసహ్యించుకుంటారో చూస్తాను అని ఆమె ధీమా.

పోయినేడు ఆ రేకు బల్ల తీసేశారు. దాని స్థానంలో ఒక యంత్రం పెట్టారు. నాణెం మింగి తలుపు తీస్తుంది, అది చాలు. ఆమె చేతిలో ఒక నెల జీతం పెట్టి నమస్కారం పెట్టారు. అదే ఏడాది పై పళ్లన్నీ ఊడిపోయాయి. కింద నాలుగు మిగిలాయి, అవీ ఊగుతున్నాయి. పళ్ల డాక్టరు చూసి, కిందవి కూడా పీకేసి రెండు వరుసలూ కట్టించుకోమన్నాడు. పద్దెనిమిది వేలు. ఆరు నెలలుగా ఆమె ఏది తిన్నా మెత్తగా నలిపి మింగడమే. తిండిలో రుచి కన్నా నమలడమే పెద్ద సుఖమని, అది పోయాక గాని ఆమెకు తెలియలేదు. మాట్లాడితే గాలి పోతోంది, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. ఆ పద్దెనిమిది వేలు తెచ్చే ఆస్తి ఆమెకు లోకంలో ఒక్కటే ఉంది, ఆ పాలపొడి డబ్బాలు.

పాత వస్తువులు కొనే దుకాణం అద్దాల తలుపు వెనక చల్లగా ఉంది. గాజు అరల్లో నల్ల మఖమలు మీద ఒక్కొక్క నాణెం మహారాణిలా పడుకుని ఉంది. యజమాని చేతులకు పలచటి తెల్ల గ్లవ్సు.

"కూర్చోండమ్మా. ఏం తెచ్చారు?" అన్నాడు.

"నాణేలు బాబూ. నాలుగు వందల పన్నెండు. పళ్లు కట్టించుకోవాలి, పద్దెనిమిది వేలు కావాలి. సరైన ధర ఏదుంటే అది చెప్పండి."

అతను డబ్బా మూత తీసి ఒక్కొక్కటి మఖమలు మీద పెట్టి చూశాడు. చూస్తున్నకొద్దీ మొహం మీద ఆసక్తి కనిపించింది. "మీ ఇంట్లోవేనా? ఎవరు పోగేశారండీ?"

"నేనే. ఇరవై ఆరేళ్లు."

"ఎక్కడ దొరికాయి ఇన్ని?"

"బస్టాండు మరుగుదొడ్ల దగ్గర కౌంటర్లో పని చేసేదాన్ని. పళ్లెంలో పడ్డాయి."

అతని చేతిలో నాణెం ఆగిపోయింది. దాన్ని కింద పెట్టాడు. గ్లవ్సును కొసల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని లాగి, చెత్తబుట్టలో పడేశాడు. అంతవరకూ ఆ గ్లవ్సు నాణేలు పాడవకుండా తొడుక్కున్నాడనుకుంది కౌంటరమ్మ.

"ముందే చెప్పాలిగా," అన్నాడు. "చూడు, ఇది సేకరణ కాదు, తుక్కు. తూకానికి తీసుకుంటా. రెండు వేలు ఇస్తా. డబ్బా ఆ మూల స్టూలు మీద పెట్టు, నా బల్ల మీద వద్దు."

ఒక్క మాటతో మీరు నుంచి నువ్వుకు దిగిపోయాడు. మనిషి మర్యాద ఎంత పలచగా ఉంటుందో కౌంటరమ్మకు కొత్త కాదు గాని, ఇంత తొందరగా చిరగడం ఇదే చూడ్డం. అయినా ఆమె చూపు అతని మొహం మీద లేదు, చేతుల మీద ఉంది. చిల్లర లేదని అబద్ధమాడేవాడి చెయ్యి ఎప్పుడూ జేబు వైపు పోతుందని ఆమె ఇరవై ఆరేళ్లు చూసింది. ఇతని ఎడమ చెయ్యి కూడా, తుక్కు అంటున్నంతసేపూ, రెండు నాణేలను మెల్లగా మఖమలు అంచు కిందకి నెడుతోంది.

"ఆ రెండూ కూడా డబ్బాలో వెయ్యి బాబూ," అంది. తనూ నువ్వుకు దిగింది.

అతను నీళ్లు నమిలాడు. పక్కకు పెట్టానంతే అన్నాడు. ఆలోచించుకోమని, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లమని అన్నాడు. ఆమె ఒక చీటీ మీద నంబరు రాసి, జానెడు ఎత్తు నుంచి బల్ల మీద పడేసి బయటికొచ్చింది. ఛీ, వీడి గాజు అరలూ వీడూ, అనుకుంది. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. ప్రతి నెలా రెండో ఆదివారం, బడి హాల్లో నాణేలు సేకరించేవాళ్ల సమావేశం, అందరూ రావచ్చు అని. ఆ అందరిలో తనూ ఉందో లేదో తేల్చుకుందామని ఆ ఆదివారం వెళ్లింది.

బడి హాల్లో పిల్లల బెంచీలు జరిపి, ముప్పై మంది దాకా మగవాళ్లు భూతద్దాలు పట్టుకుని వంగి కూర్చున్నారు. ధర కట్టేది ఆయనే అని అందరూ ఒక ముసలాయన్ని చూపించారు. బ్యాంకులో కేషియరుగా చేసి రిటైరైన మనిషి. ఈసారి కౌంటరమ్మ జాగ్రత్త పడింది. కూర్చోకముందే చెప్పేసింది.

"ఇవి మరుగుదొడ్ల కౌంటర్లో పడ్డవండీ. ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి."

"నేను నలభై ఏళ్లు నోట్లు లెక్కపెట్టానమ్మా. అవి ఎక్కడెక్కడి నుంచి వచ్చేవో నాకు తెలుసు. కూర్చోండి," అన్నాడు కేషియరు.

గంటన్నర చూశాడు. గీతల కాగితం మీద ఒక్కొక్క నాణేనికీ ఒక వరుస రాశాడు. గ్లవ్సు లేదు, అంచులు పట్టుకుని వట్టి చేత్తోనే చూశాడు. రాసేకొద్దీ ఆయన మొహం దిగులుగా అయింది. చివరికి కళ్లజోడు తీసి, "వీటిని దేంతో కడిగారు?" అని అడిగాడు.

"యాసిడ్‌తోనండీ. దొడ్లకు వాడేది. ఆ తర్వాత బ్రష్షు, సబ్బు. ఒక్కటీ వదల్లేదు," అంది కౌంటరమ్మ గొప్పగా.

కేషియరు తన పెట్టెలోంచి ఒక రాగి బిళ్ల తీసి, దాని పక్కనే ఆమె డబ్బాలోని అలాంటిదే పెట్టి, భూతద్దం ఇచ్చాడు. ఆయనది నల్లగా, గోధుమరంగుగా, ఎవరో అరచేతితో నిమిరినట్టు నున్నగా ఉంది. ఆమెది పచ్చి పుండులా ఎర్రగా ఉంది. దాని నిండా సూదితో పొడిచినట్టు గుంటలు. కంటికి తళతళలాడినవన్నీ అద్దం కింద గుంటలే.

"ఈ రంగు రావడానికి వందేళ్లు పైనే పడుతుందమ్మా. పోవడానికి అయిదు నిమిషాలు. కొనేవాళ్లు దీనికే డబ్బిస్తారు. మామూలుగా ఉండుంటే అన్నీ కలిపి డెబ్బై వేలకు తక్కువ చెప్పేవాణ్ని కాదు. ఇప్పుడు పదకొండు వేల నాలుగు వందలు, ఆ ధరకైతే నేనే తీసుకుంటాను. వరుసకు వరుస రాశాను, మీరే చూసుకోండి. ఇంతకన్నా తక్కువిస్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. బాగా ఎక్కువిస్తామంటే మటుకు, మీతో ఇంకెవర్నో మోసం చేయిస్తున్నట్టు."

పక్క బెంచీ నుంచి ఇద్దరు ముసలాళ్లు వచ్చి తొంగి చూశారు. ఒకాయన ముక్కు ముడిచాడు. "కడిగేశారా? అయ్యో, అసహ్యంగా ఉన్నాయే," అన్నాడు. రెండో ఆయన, చూడలేకపోతున్నా అని మొహం తిప్పుకున్నాడు.

కౌంటరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. మురికిగా ఉన్నప్పుడు అసహ్యం, కడిగితే అసహ్యం. వందేళ్ల చేతుల జిడ్డుకి వేలకు వేలు పోస్తారట, దాన్ని వదలగొట్టిన మనిషి పాపం చేసిందట. అదే జిడ్డు చేతులు ఆమె బల్ల ముందు నిలబడితే ఎంత నాజూకు. ఆలోచించి చెబుతానని కేషియరు ఇంటి చిరునామా రాయించుకుని, డబ్బాలు సంచిలో వేసుకుని, దారంతా ఆడబిడ్డను తిట్టుకుంటూ ఇంటికొచ్చింది.

ఆడబిడ్డ మిషను మీద ఉంది. కౌంటరమ్మ సంచి నేల మీద దబ్బున పెట్టింది.

"నీ అసహ్యం ఖరీదు ఎంతో తెలుసా? అరవై వేలు. నీ మూలంగా నా నోట్లో పళ్లు లేకుండా పోయాయి."

ఆడబిడ్డ కుట్టు పూర్తయ్యేదాకా మిషను ఆపలేదు. దారం పళ్లతో కొరికింది. సంగతంతా విన్నాక, "నేనెప్పుడు కడగమన్నాను?" అంది.

"దొడ్డి డబ్బులు ఇంట్లోకి తేవొద్దనలేదూ?"

"అన్నాను. ఒక్కసారి అన్నాను. మా అన్నయ్య నన్ను చెడామడా తిట్టాడు. మళ్లీ ఎప్పుడన్నా నోరెత్తానా?"

కౌంటరమ్మ జవాబు కోసం వెతికింది. ఎంత వెనక్కి వెళ్లినా ఆ ఒక్కసారే దొరికింది.

"నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు," అంది ఆడబిడ్డ, "నీ కొంగుముడిలో నాణేలు నేనే విప్పి డబ్బాలో వేశాను. వట్టి చేత్తో. నువ్వు లేచి నిలబడగానే చేసిన మొదటి పని ఏంటో తెలుసా వదినా? ఆ డబ్బా అంతా బోర్లించి మళ్లీ కడిగావు. నేను ముట్టుకున్నవి కూడా. ఇంటికి రాగానే మోచేతుల దాకా రుద్దుకునేదానివి, చర్మం పగిలేలా. మా అన్నయ్య చెయ్యి పట్టుకుంటే లాక్కునేదానివి. రోత నీకే. నా నెత్తిన పెట్టకు."

కౌంటరమ్మకు చెంప మీద కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. అబద్ధమైతే పోట్లాడేది. ఆ చెమట చేతులు, తడి నాణేలు, ఆ వాసన, వాటన్నిటి మీదా ఆమెకు పుట్టెడు అసహ్యం. అందులోనే కూర్చున్న తన మీద అంతకు రెట్టింపు. ముక్కు మూసుకున్నవాళ్లందరినీ ఆమె తిట్టుకుంది గాని, వాళ్లు ఆమెను ఎలా చూశారో తనూ తనను అలాగే చూసుకుంది. వాళ్లు అర నిమిషం ముక్కు మూసుకుని వెళ్లిపోయారు. ఆమె ఇరవై ఆరేళ్లు మూసుకునే ఉంది. ఆ రాత్రి ఇద్దరూ పోట్లాడుకోకుండా పడుకున్నారు.

మూడో రోజు ఫోన్ మోగింది. దుకాణం యజమాని. "నమస్కారమండీ అమ్మగారూ, బాగున్నారా? ఆ రోజు కాస్త తొందరపడ్డాను. మీరడిగిన పద్దెనిమిది వేలూ ఇస్తాను. ఒకసారి దుకాణానికి దయచేస్తారా?"

నువ్వు మళ్లీ మీరు అయింది. అమ్మగారు కూడా వచ్చి చేరింది. కౌంటరమ్మకు కేషియరు మాట గుర్తుంది. అయినా వెళ్లింది, ఎందుకంటే పళ్లు పళ్లే. తోడుగా ఆడబిడ్డ కూడా వెళ్లింది.

యజమాని కొత్త గ్లవ్సు తొడుక్కుని ఉన్నాడు. బల్ల మీద నోట్ల కట్ట, పక్కన టైపు చేసిన కాగితం. "కాగితం ఒకటుందండీ, సంతకం పెడితే చాలు," అన్నాడు. కౌంటరమ్మ చదివింది. ఈ నాణేలు మా మామగారు సేకరించినవి. ఆయన పెద్ద ఎస్టేటులో మేనేజరుగా పనిచేశారు. ఇవి మొదటి నుంచీ మా ఇంటి బీరువాలోనే ఉన్నాయి, బయట చలామణీలో తిరగలేదు.

"మా మామగారు బస్సుల టాపు మీదకి మూటలెక్కించే కూలీ బాబూ."

"ఊరికే కాగితం కోసమండీ. కడిగినవైనా సరే, వెనక ఒక మంచి కుటుంబం కథ ఉంటే కొనేవాళ్లుంటారు. చెప్పుకోవడానికి గౌరవంగా ఉండాలి కదా. మరుగుదొడ్డి అంటే ఎవరు ముట్టుకుంటారు, మీరే చెప్పండి."

కౌంటరమ్మ నాలుక బోసి చిగుళ్ల మీద అటూ ఇటూ తిరిగింది. ఒక్క సంతకం. పెడితే నమలొచ్చు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదు. ఆడబిడ్డ ఆమె మోచెయ్యి గిల్లి, "పెట్టెయ్ వదినా, మామగారు వచ్చి అడుగుతాడా," అంది గుసగుసగా.

పెన్ను తీసుకుంది. కాగితం మీద వంగింది కూడా. అలా వంగినప్పుడు మళ్లీ చదివింది. మొదటి నుంచీ బీరువాలోనే ఉన్నాయట. అంటే ఆ రేకు బల్ల లేదు, కొంగుముడి లేదు, తన చెల్లే నాణెం పెట్టెలో వేసి చెల్లనిది ఏరుకున్న నాలుగు వందల పన్నెండు సార్లూ లేవు, అక్కడ ఎవరూ కూర్చోనే లేదు. ఇన్నాళ్లూ నాణేలనే కడిగింది. ఇప్పుడు తనను కడిగేయమంటున్నాడు. ఒళ్లంతా కంపరమెత్తింది. అతని మీద ఎంత ఎత్తిందో, పెన్ను పట్టుకున్న తన చేతి మీద కూడా అంతే ఎత్తింది.

"వద్దు," అని పెన్ను కింద పెట్టింది.

"ఇంకో వెయ్యి వేస్తానండీ."

"వద్దన్నానా. నన్ను ముట్టుకోవడానికి గ్లవ్సు కావాలి, నా నాణేలు అమ్ముకోవడానికి మా మామ కావాలి. నువ్వూ నీ దుకాణమూ. మా దొడ్లు నయం, రోజుకు రెండుసార్లు కడిగేదాన్ని."

అక్కణ్నుంచి నేరుగా కేషియరు ఇంటికి వెళ్లారు. ఆయన తన కాగితం బయటికి తీసి, ఒక్క వరుసా మార్చకుండా పదకొండు వేల నాలుగు వందలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు. రసీదు రాస్తూ, "ఎక్కడ సేకరించినవని రాయమంటారు?" అని అడిగాడు. బస్టాండు మరుగుదొడ్ల కౌంటరు అని రాయించింది. కింద ఏళ్లు కూడా వేయించింది. యాసిడ్‌తో కడిగినవి అని ఆయన అడగకుండానే ఆమే చెప్పి రాయించింది. దారి పొడుగునా ఆడబిడ్డ సణిగింది. పద్దెనిమిదిని కాదని పదకొండుకు అమ్మిన మేధావి లోకంలో నువ్వొక్కదానివే అంది.

పళ్ల డాక్టరు ఆ డబ్బుకు కింద నాలుగు పళ్లూ పీకి, పై వరుస ఒక్కటి కట్టాడు. కింద వరుసకు ఇంకా ఆరు వేల ఆరు వందలు కావాలి. అమ్మడానికి ఇక ఆమె దగ్గర ఏమీ లేదు. పై పళ్లు తెల్లగా బాగానే ఉన్నాయి, నవ్వితే నిండుగా కనిపిస్తాయి గాని, నమలడానికి కింద ఏదైనా ఉండాలి కదా. అన్నం ఇప్పటికీ ఆడబిడ్డే మెత్తగా పిసికి పెడుతుంది, వట్టి చేత్తో, పోట్లాడుతూనే. వీధిలో ఎవరైనా కనబడి, కింద కూడా కట్టించుకోలేకపోయారా అని అడుగుతూ ఉంటారు.

"యాసిడ్‌తో కడిగేసుకున్నాను," అంటుంది కౌంటరమ్మ. వాళ్లకు అర్థం కాదు, ఆమె విడమర్చి చెప్పదు.